ప్రమాదంలో ఉన్న ఓడను కెప్టెన్ చివరగా విడవాలన్నది చట్టమా, సంప్రదాయమా?

ప్రశ్న: సఖినేటిపల్లి వాసి

మా కుటుంబం విశాఖపట్నం నుంచి ఓడలో అండమాన్ వెళ్లాలని అనుకుంటోంది. రోజూ నరసాపురం రేవుకు పంటు మీద వశిష్ఠ దాటే మాకు నీటి ప్రయాణం కొత్త కాదు. అయితే 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు చనిపోయినప్పటి నుంచీ, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగినప్పటి నుంచీ మా ఇంట్లో పడవ అనే మాట వినబడితే చాలు, పెద్దవాళ్ల ముఖాలు మారిపోతున్నాయి. ఓడ మునుగుతుంటే కెప్టెన్ అందరికంటే చివరగా దిగుతాడు, అందుకే ఓడ ప్రయాణం నమ్మకమైనదని మా మామయ్యగారు అంటారు. అది సినిమాల్లో మాట అని మా తమ్ముడి వాదన. ఇది నిజంగా చట్టంలో ఉందా? ప్రాణాపాయం వచ్చినప్పుడు ప్రయాణికుల పట్ల కెప్టెన్ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? మా అమ్మగారు మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేరు. అలాంటివారి విషయంలో ఆయన చేయవలసినది ఏమైనా ఉందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత నౌకాధికారి, కాకినాడ

ఓడతో పాటు కెప్టెన్ మునిగిపోవాలని ఏ చట్టమూ కోరదు. సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలన్నీ కుదుర్చుకున్న ఒప్పందాన్ని మేము సోలాస్ అంటాం. టైటానిక్ మునిగిన రెండేళ్లకు, 1914లో, అది మొదటిసారి రూపుదిద్దుకుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1974 నాటిది, దానికి ఎప్పటికప్పుడు సవరణలు జరుగుతూ వచ్చాయి. కెప్టెన్ చివరగా దిగాలన్న వాక్యం అందులో కూడా లేదు. కొన్ని దేశాలు తమ సొంత చట్టాల్లో ఆ మాట రాసుకున్నాయి.

నా అభిప్రాయంలో మీ మామయ్యగారూ మీ తమ్ముడుగారూ ఇద్దరూ ప్రశ్నను చివరి నుంచి చూస్తున్నారు. కెప్టెన్ ఎప్పుడు దిగాడన్న దానికంటే, ప్రమాదం జరిగిందని తనకు తెలిసిన క్షణం నుంచి ప్రయాణికులకు నిజం చెప్పడానికి ఆయన ఎంత సేపు తీసుకున్నాడన్నదే ఎక్కువమంది ప్రాణాలను నిర్ణయిస్తుంది. టైటానిక్ కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ ఓడతోనే ప్రాణం విడిచారు, అందుకు లోకం ఆయనను గౌరవించింది. కానీ 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండ తగిలితే, మొదటి లైఫ్‌బోటు నీటిలోకి దిగడానికి గంటకు పైగా పట్టింది. 65 మందికి చోటున్న ఆ బోటులో 30 మంది కూడా లేరు. ఓడ నిజంగా మునుగుతోందని ప్రయాణికులకు ఎవరూ గట్టిగా చెప్పలేదు గనుక, వెలుతురుగా వెచ్చగా ఉన్న ఓడను వదిలి చీకట్లో వేలాడే చిన్న బోటు ఎక్కడానికి చాలామంది మొగ్గు చూపలేదు. ఉన్న బోట్లు అందరికీ చాలవన్నది వాస్తవమే. అయినా, ఆ ఉన్న బోట్లలోనే 400కు పైగా స్థానాలు ఖాళీగా వెళ్లిపోయాయి.

ఆలస్యం ఎందుకు ప్రాణాంతకమో తెలియాలంటే బోట్లు దించే పద్ధతి కొంచెం తెలియాలి. ఓడ ఏ పక్కకైనా 20 డిగ్రీల వరకు ఒరిగినా లైఫ్‌బోట్లు దిగగలిగేలా వాటిని అమర్చాలని నిబంధన. అంతకు మించి ఒరిగితే, పైకి లేచిన వైపున్న బోటు నేరుగా నీటిలోకి జారదు. అది ఓడ పక్క రేకును రాసుకుంటూ ఆగిపోతుంది. ప్రయాణికులందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని తమకు కేటాయించిన చోట చేరాక, ఓడను వదలమన్న సంకేతం ఇచ్చిన 30 నిమిషాల్లో బోట్లన్నీ దిగిపోవాలి. ఆ 30 నిమిషాలు మొదలయ్యేది జనం పోగైన తరువాతే అన్న సంగతి గమనించండి. జనాన్ని పోగుచేయడానికి పట్టే సమయం దానికి అదనం. అందువల్ల మంచి కెప్టెన్ అనుమానం కలిగిన వెంటనే ఏడు చిన్న కూతలు, ఒక పొడవాటి కూత మోగించి జనాన్ని చేర్చుకుంటాడు. అనుమానం తప్పని తేలితే ప్రయాణికులు విసుక్కుంటూ గదులకు తిరిగి వెళతారు, అంతకు మించి నష్టం లేదు.

2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాతిని ఢీకొన్నప్పుడు జరిగినది దీనికి పూర్తిగా విరుద్ధం. రాత్రి 9:45కి దెబ్బ తగిలితే, కరెంటు పోయిందని మాత్రమే ప్రయాణికులకు చెప్పారు. ఓడను వదలమన్న ఆజ్ఞ గంటకు పైగా గడిచాక వచ్చింది. అప్పటికి ఓడ బాగా ఒరిగిపోవడంతో కొన్ని బోట్లు దిగలేదు. 4,200కు పైగా ఉన్నవారిలో 32 మంది చనిపోయారు. తీరం కూతవేటు దూరంలోనే ఉంది.

సమాధానం: న్యాయవాది, అమలాపురం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ చివరగా దిగడం రెండో స్థాయి విషయమన్న ధ్వనితో ఏకీభవించలేను. ఇటలీ నౌకాయాన చట్టం ఆ బాధ్యతను స్పష్టంగా రాసింది. కోస్టా కాంకోర్డియా కెప్టెన్ ఫ్రాంచెస్కో స్కెటీనోకు 2015లో పడిన 16 ఏళ్ల శిక్షలో, ప్రయాణికులు ఇంకా లోపల ఉండగా ఓడను వదిలిపోయినందుకు ప్రత్యేకంగా ఒక సంవత్సరం ఉంది. మిగిలిన శిక్ష మరణాలకూ, ఓడను ప్రమాదంలోకి నెట్టినందుకూ పడింది. 2017లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఆ శిక్షను ఖాయం చేసింది.

దక్షిణ కొరియా ఓడ సెవోల్ కథ ఇంకా బాధాకరమైనది. 2014 ఏప్రిల్ 16న ఆ ఓడ ఒరుగుతుండగా, ఉన్నచోటనే ఉండమని ప్రయాణికులకు పదే పదే మైకులో చెప్పారు. విహారయాత్రకు బయలుదేరిన హైస్కూలు పిల్లలు పెద్దల మాట విని గదుల్లోనే కూర్చున్నారు. మొదట బయటపడినవారిలో కెప్టెన్ ఉన్నాడు. 304 మంది మరణించారు, వారిలో 250 మంది ఆ బడి పిల్లలే. కింది కోర్టు ఆయనకు 36 ఏళ్ల శిక్ష వేస్తే, అప్పీలు కోర్టు దానిని హత్యగా పరిగణించి యావజ్జీవం చేసింది. ఆ దేశపు సుప్రీంకోర్టు 2015 నవంబరులో దానినే సమర్థించింది. పిల్లలను కదలవద్దని చెప్పించి, ఆ మాటను వెనక్కి తీసుకోకుండా తాను కదిలిపోయిన మనిషిని న్యాయస్థానం చూసిన తీరు అది.

చివరి వరకు ఉండాలనడం కెప్టెన్ పరువు కోసం పెట్టిన నియమం కాదు. ఓడలో ఆజ్ఞ ఇవ్వగలిగిన చివరి గొంతు ఆయనదే. ఆయన వెళ్లిపోతే సిబ్బందిలో ఎవరు ఎవరి మాట వినాలో తేలదు. 1991 ఆగస్టులో దక్షిణాఫ్రికా తీరంలో ఓషియానోస్ అనే ఓడ మునిగినప్పుడు, కెప్టెన్ ముందుగానే హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేరి, అక్కడి నుంచే సహాయం నడిపిస్తున్నానని చెప్పుకొన్నాడు. ఓడలో మిగిలినవారిని బయటకు పంపించే పని అక్కడ పాటలు పాడే కళాకారుల మీద పడింది. అందరూ బతికారు గనుక ఆయన చేసినది సరైనదని అనగలమా?

మన దేశం సంగతి కూడా చెప్పాలి. ఓడకు గానీ ప్రాణాలకు గానీ అపాయం తెచ్చే కెప్టెన్ ప్రవర్తనను 1958 నాటి వాణిజ్య నౌకల చట్టం నేరంగా చూసింది. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. మరో ముఖ్యమైన రక్షణ సోలాస్‌లోనే ఉంది. ప్రాణరక్షణకు అవసరమని కెప్టెన్ భావించిన నిర్ణయాన్ని ఓడ యజమాని గానీ, దానిని అద్దెకు తీసుకున్నవారు గానీ అడ్డుకోకూడదు.

సమాధానం: సరంగు కొడుకు, యానాం

న్యాయవాది గారు చివర్లో చెప్పిన మాట మీదే నేను రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే మన గోదావరి మీద ఆ రక్షణ కాగితానికే పరిమితమవుతోంది. నదిలో తిరిగే బోట్లకు 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. అయినా సరంగు అంటే నెలజీతగాడు, రేవులో అతని మాట కంటే టికెట్లు అమ్మేవారి మాటే చెల్లుతుంది. మా నాన్నగారు లాంచీ నడిపేవారు. వరద రోజుల్లో ఆయన రేవుగట్టు మీద కూర్చుని నీటి మీద తేలుతూ వచ్చే మొద్దులనూ, గుర్రపుడెక్క దుబ్బులనూ చూసేవారు. అవి తిన్నగా సాగకుండా ఒకచోట గిర్రున తిరిగి మునిగి, చాలా దిగువన తేలితే ఆ రోజు లంగరు ఎత్తేవారు కాదు. అలా ఎత్తనందుకే ఒక యజమాని ఆయనను పనిలోంచి తీసేశాడు.

కచ్చులూరు వద్ద మునిగిన బోటులో 77 మంది ఉన్నారు. బతికినవారు 26 మంది. అక్కడి గిరిజనులు తమ పడవలు వేసుకుని వచ్చి చేతికి అందినవారిని లాగారు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. సుడిలో పడ్డాక సరంగు చేయగలిగినది ఏముంటుంది? అతని బాధ్యత గండి పోచమ్మ గుడి దగ్గర, బోటు కదలకముందే ఉంది. కానీ బోటు కదపను అనగలిగే ధైర్యాన్ని ఒక్క సరంగు నుంచే ఆశించి, అలా అన్నవాడి ఉద్యోగాన్ని కాపాడే ఏర్పాటు చేయకపోవడం అన్యాయం. సముద్రంలో కెప్టెన్‌కు ఇచ్చిన అధికారం నదిలో సరంగుకు కూడా ఆచరణలో దక్కాలి.

ప్రశ్న అడిగినవారు: సఖినేటిపల్లి వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. మా అమ్మగారి విషయం మాత్రం మిగిలిపోయింది. లిఫ్టు ఉంటుందని చెబుతున్నారు, అది చాలదా?

సమాధానం: విశ్రాంత నౌకాధికారి, కాకినాడ

లిఫ్టును నమ్ముకోవద్దు. ప్రమాద సంకేతం మోగాక ఎవరూ లిఫ్టు వాడకూడదు, కరెంటు పోతే అందులోనే చిక్కుకుపోతారు. నడవలేనివారికి, పసిపిల్లలకు సాయం చేయడానికి సిబ్బందిలో మనుషులను ముందే నియమించి ఉంచాలి, ఆ ఏర్పాటు సరిగా ఉండేలా చూడవలసింది కెప్టెనే. అయితే మీ అమ్మగారు మెట్లు దిగలేరన్న సంగతి వారికి తెలియాలి గదా. టికెట్ తీసుకునేటప్పుడు ఒకసారి, ఓడ ఎక్కగానే మరోసారి చెప్పండి. బోట్లు ఎక్కే డెక్‌కు వీలైనంత దగ్గరలో గది అడగండి.

కోస్టా కాంకోర్డియా ఎక్కిన ప్రయాణికుల్లో ఆ సాయంత్రమే ఎక్కినవారికి లైఫ్ జాకెట్ అభ్యాసం జరగలేదు, ఎందుకంటే అప్పటి నిబంధన 24 గంటల గడువు ఇచ్చేది. 2015 జనవరి 1 నుంచి, 24 గంటలకు మించి సాగే ప్రయాణాల్లో ఓడ బయలుదేరే ముందు గానీ, బయలుదేరిన వెంటనే గానీ ఆ అభ్యాసం జరగాలి. దానికి మీ అమ్మగారిని కూడా తీసుకువెళ్లండి. గదిలోనే ఉండనివ్వండి అని ఎవరైనా మర్యాదకు అన్నా ఒప్పుకోవద్దు. గది నుంచి ఆ చోటికి చేరడానికి ఆవిడకు ఎంత సమయం పట్టిందో, ఎన్ని చోట్ల చేయి పట్టుకోవలసి వచ్చిందో చూసి, అదే సంగతి అక్కడ పేర్లు పిలిచే అధికారికి చెప్పండి. ఆయన తన జాబితాలో ఆవిడ పేరు పక్కన ఆ సంగతి రాసుకునేదాకా అక్కడి నుంచి కదలవద్దు.