మొదటి వేట రైఫిల్‌కి ఏ కాలిబర్? 300 విన్ మాగ్, 308, 6.5 క్రీడ్‌మూర్ దగ్గర ఆగిపోయాను

పల్నాడు_టు_డాలస్:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఉంటాం. హెచ్1బీ మీద వచ్చి ఐదేళ్లు. ఆఫీసులో ఒకాయనకి టెక్సాస్‌లోనే లానో వైపు వేట లీజు (వేటకని అద్దెకి తీసుకున్న భూమి) ఉంది, ఈ నవంబర్‌లో నన్నూ రమ్మన్నాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశాను. చిన్నప్పుడు మా ఊళ్లో వేరుశనగ చేలకి పందులు పడితే రాత్రంతా డబ్బాలు కొట్టి తరమడమే తెలుసు, తుపాకీ ముట్టుకున్నది ఇక్కడికొచ్చాకే, అదీ రెండుసార్లు. ఇప్పుడు సొంత రైఫిల్ కొనాలి, ఏ కాలిబర్ (తూటా సైజు) తీసుకోవాలో తేలడం లేదు. తెల్లతోక జింక, అడవిపంది, ఎప్పుడైనా కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింక. షాపులో కుర్రాడు 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది అన్నాడు. మా ఆఫీసాయన 308 అంటాడు. వీడియోల్లో అందరూ 6.5 క్రీడ్‌మూర్ అంటున్నారు. ఒకటే కొంటాను, రెండోదానికి ఇంట్లో ఒప్పుకోరు. వాడినవాళ్లు చెప్పండి.

గోదారి_పెద్దాయన:
తమ్ముడూ, కాలిబర్ సంగతి తర్వాత, ముందు వీసా సంగతి చూద్దాం. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. గడువు దాటని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు. కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు. నీకు కావలసింది రెండోది. టెక్సాస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది, కొత్తవి ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. వేట సీజన్ లేదు కదా అని సెప్టెంబర్‌లో ఊరుకున్నావనుకో, ఇంట్లో బీరువాలో ఉన్న రైఫిలే నేరమవుతుంది.

ఇంకో మెలిక ఉంది. 2019 నుంచి టెక్సాస్‌లో యజమాని అనుమతితో ప్రైవేటు భూమిలో అడవిపందిని కొట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. అది విని మనవాళ్లు కొందరు లైసెన్స్ తీసుకోవడం మానేశారు. రాష్ట్రం అడగకపోయినా నీకు ఫెడరల్ మినహాయింపు కోసం అది కావాలి. హెచ్4 మీద మీ ఆవిడ కూడా కాల్చాలంటే ఆమె పేరున ఇంకో లైసెన్స్. నాకు గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇవన్నీ పాటించాను. ఏదైనా అనుమానం ఉంటే లాయర్ని అడుగు, ఇందులో పొరపాటు జరిగితే వీసా మీదికొస్తుంది.

ఇక కాలిబర్. లానో జింకలు చిన్నవి. మాటు గుడిసెలో కూర్చుని ఫీడర్ (మేత పడేసే డబ్బా) దగ్గరికి వచ్చినదాన్ని కొడతాం, నేను కొట్టినవన్నీ 150 గజాల లోపే. దానికి 300 మాగ్నమ్ ఎందుకు? మొదటి రైఫిల్‌కి 308 తీసుకో. 1952 నుంచి ఉన్న తూటా, ఏ చిన్న ఊరి షాపుకి వెళ్లినా దొరుకుతుంది.

హ్యూస్టన్_కరీంనగర్:
నేను ఆ 300 మాగ్నమే కొన్నాను బ్రదర్. ఏం జరిగిందో చెప్తాను.

మొదటి రోజు రేంజ్‌లో ఇరవై తూటాలు కాల్చాను. మర్నాడు చొక్కా తొడుక్కుంటుంటే భుజం కమిలిపోయి నేరేడుపండు రంగులో ఉంది. అలవాటైపోతుందిలే అనుకున్నాను. కాలేదు. తూటా డబ్బా ఖరీదు చూసి ప్రాక్టీస్ కూడా తగ్గించేశాను. సీజన్లో మొదటి మగజింక 120 గజాల్లో పక్కకి తిరిగి నిలబడింది, అంతకంటే తేలికైన గురి ఉండదు. ట్రిగ్గర్ నొక్కాను, స్కోపులో ఆకాశం కనబడింది. జింక వీపు వంచి, మెల్లగా, తల దించుకుని పొదల్లోకి వెళ్లింది. అది నిలబడిన చోట నెత్తురు కొంచెమే ఉంది. దాంట్లో పచ్చగా, అరగని గడ్డి ముక్కలు. పొట్టలో తగిలిందన్నమాట. అలాంటప్పుడు వెంటనే వెంటపడకూడదు, గంటల తరబడి ఆగాలి. ఆగి, రాత్రి టార్చి లైటుతో వెతికాం, దొరకలేదు. తెల్లారి వాగు ఒడ్డున దొరికింది, అప్పటికే కొయోటీలు (నక్కల్లాంటివి) సగం తినేశాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

తర్వాత మా స్నేహితుడు రేంజ్‌కి తీసుకెళ్లాడు. నన్ను అటు తిరగమని, ఐదు తూటాల్లో ఒకటి డమ్మీ కలిపి లోడ్ చేశాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, శబ్దం లేదు. కానీ బారెల్ బెత్తెడు కిందికి వంగింది, నా కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. పేలకముందే ఉలిక్కిపడుతున్నాను. తప్పు తూటాది కాదు, నా శరీరం ఆ దెబ్బకి భయపడిపోయింది. దాన్ని పోగొట్టుకోవడానికి ఏడాది పాటు 22 చిన్న తూటాతో కాల్చాను. ఇప్పుడు 6.5 వాడుతున్నాను. మీరు మాత్రం అక్కడ మొదలుపెట్టకండి.

పల్నాడు_టు_డాలస్:
చదువుతుంటేనే గుండె బరువెక్కిందన్నా. 300 పక్కన పెట్టేశాను. గోదారి పెద్దాయన గారూ, లైసెన్స్ విషయం మీరు చెప్పకపోతే నిజంగా మిస్సయ్యేవాణ్ణి. మరి 308, 6.5 మధ్య తన్నులో (పేలగానే రైఫిల్ భుజానికి కొట్టే దెబ్బలో) తేడా ఎంత ఉంటుంది?

శాన్_ఆంటోనియో_అక్క:
ఏడున్నర పౌండ్ల రైఫిల్ అనుకుంటే, వెనక్కి తన్నే శక్తి 243 అనే ఇంకా చిన్న కాలిబర్‌కి సుమారు 10 ఫుట్-పౌండ్లు, 6.5కి 13, 308కి 17, 30-06కి 20, 300 మాగ్నమ్‌కి 26 పైమాటే. తేలిక రైఫిల్ అయితే ఇంకా ఎక్కువ. కొండలెక్కేవాళ్లకని అమ్మే ఐదున్నర పౌండ్ల రైఫిళ్ల జోలికి మొదట్లో వెళ్లకు తమ్ముడూ.

నాది 243. ఎనిమిదేళ్లుగా దానితోనే. 100 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుకి కొలత) బుల్లెట్, ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో కింద మూడో వంతు దగ్గర. అక్కడ గుండె, ఊపిరితిత్తులు ఉంటాయి. ఆ చోట తగిలితే జింక యాభై అరవై గజాలు పరిగెత్తి పడిపోతుంది. 243తో ఒక్కటే జాగ్రత్త. అదే తూటాలో 55, 58 గ్రెయిన్లవి కూడా అమ్ముతారు, అవి కొయోటీల్లాంటి చిన్నవాటికి. భుజం ఎముక తగిలితే పైనే చిట్లిపోతాయి, లోపలికి దిగవు. డబ్బా మీద జింక బొమ్మ ఉందా, గ్రెయిన్లు ఎన్ని అని చదివి కొనాలి. ఏ కాలిబర్‌లోనైనా సగం సంగతి బుల్లెట్‌లోనే ఉంది, మనవాళ్లు దాన్ని పట్టించుకోకుండా కాలిబర్ మీదే వాదించుకుంటారు.

ఇంకోటి, రైఫిల్ మడమ (భుజానికి ఆనే వెనక భాగం) పొడవు. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మామూలు రైఫిల్ భుజానికి పెడితే మెడ సాచాల్సి వచ్చేది, స్కోపు అంచు కనుబొమ్మకి తగిలి నెత్తురొచ్చింది. అంగుళం పొట్టి మడమ వేయించుకున్నాక ఆ బాధ పోయింది. షాపులో ఐదారు రైఫిళ్లు భుజానికి ఆనించి చూడు. కళ్లు మూసుకుని ఆనించి, తెరవగానే స్కోపు నిండుగా కనబడాలి.

కొలంబస్_గుంటూరు:
టెక్సాస్‌లోనే ఉండిపోతానంటే పైవన్నీ సరే. ఉద్యోగాలు మారే మనకి ఇంకో మాట. నేను డాలస్‌లో 308 కొని ఒహాయో వచ్చాను. ఇక్కడ జింక వేటకి 308 కుదరదు. రైఫిల్ అయితే గుల్ల (తూటా వెనక గొట్టం) మెడ సన్నబడని, నిటారుగా ఉండే తూటాలే వాడాలి, 2014 నుంచి వాటిని అనుమతించారు. 308, 6.5, 243 అన్నీ మెడ ఉన్నవే. చివరికి 350 లెజెండ్ కొన్నాను. విన్‌చెస్టర్ వాళ్లు 2019లో తెచ్చారు, తన్ను చాలా తక్కువ, 150 గజాల దాకా హాయిగా పనిచేస్తుంది. రాష్ట్రం మారే ఆలోచన ఉంటే ఆ రాష్ట్రం రూల్స్ ముందే చదువుకోండి.

బే_ఏరియా_నెల్లూరు:
కాలిఫోర్నియా వస్తే సీసం బుల్లెట్ కుదరదు. 2019 జూలై 1 నుంచి వేటంతటికీ సీసం లేనివే వాడాలి. మేం రాగి బుల్లెట్ వాడతాం. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది. అందుకే ఒక మెట్టు తక్కువ బరువుది ఎంచుకుంటాం, 308లో 165 బదులు 150. పిల్లలకి పెట్టే మాంసంలో సీసం తునకలు ఉండవని మా ఇంట్లో నిశ్చింత. చట్టం లేకపోయినా నేను ఇదే వాడతాను.

డెన్వర్_వరంగల్:
ఎల్క్ అన్నారు కాబట్టి చెప్తున్నాను. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం 24 కాలిబర్, 85 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్లు ఉండాలి. అంటే 243 కూడా చట్టప్రకారం చెల్లుతుంది. చెల్లుతుంది కదా అని నేనైతే తీసుకెళ్లను. ఎల్క్ భుజం చూస్తే మన ఎద్దు మూపురం గుర్తొస్తుంది. నాది 30-06. 1906 నాటిది, 180 గ్రెయిన్ల బుల్లెట్, 250 గజాలు దాటి కొట్టను. 6.5తో ఎల్క్ కొట్టినవాళ్లు నాకు తెలుసు, కానీ జంతువు కొంచెం అటూ ఇటూ తిరిగి నిలబడితే ఆ బుల్లెట్ మీద నాకు నమ్మకం చాలదు.

హ్యూస్టన్_కరీంనగర్:
ఇక్కడ మీతో ఏకీభవించలేను అన్నా. మంచి 143 గ్రెయిన్ల బుల్లెట్, 200 గజాల లోపు, పక్కకి తిరిగిన జంతువు అయితే 6.5 సరిపోతుంది. తిరగకపోతే కాల్చకూడదు. ఏ కాలిబర్ అయినా అంతే.

డెన్వర్_వరంగల్:
కాల్చకుండా ఆగడం అన్నదే కొత్తవాళ్లకి కష్టం తమ్ముడూ. వెయ్యి మైళ్లు డ్రైవ్ చేసి, నాలుగు రోజులు మంచులో తిరిగి, చివరి సాయంత్రం ఒకటి కనబడితే చేయి ఆగదు. అందుకే కొంచెం బలమైనదే చెప్తాను. ఆయన మొదట జింకలతో మొదలుపెడుతున్నారు, ఎల్క్ వెళ్లేనాటికి అద్దెకో అరువుకో ఇంకో రైఫిల్ దొరుకుతుంది.

పల్నాడు_టు_డాలస్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మొన్న ఆదివారం మా ఆఫీసాయన 308, ఆయన బావమరిది 6.5 రెండూ తీసుకుని రేంజ్‌కి వెళ్లాం. 100 గజాలు, ఒక్కోదానితో ఐదేసి. 308తో మొదటి రెండు పక్కపక్కనే, మిగతా మూడు అరచేతంత వెడల్పు విడిపోయాయి. 6.5తో ఐదూ నిమ్మకాయంత చోట పడ్డాయి. కరీంనగర్ అన్న చెప్పిన డమ్మీ పరీక్ష కూడా చేయించుకున్నాను. 308తో బారెల్ కొద్దిగా కదిలింది, 6.5తో కదల్లేదు. దాంతో 6.5 ఖాయం చేసుకున్నాను. ఏడుంపావు పౌండ్ల బోల్ట్ యాక్షన్ (ఒక్కో తూటాకీ చేత్తో గడియ లాగేది), 3 నుంచి 9 రెట్లు దగ్గరగా చూపే స్కోపు.

షాపులో హంటింగ్ లైసెన్స్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) నంబరు, టెక్సాస్ అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ అడిగారు. ఫారంలో తాత్కాలిక వీసా ప్రశ్న దగ్గర షాపాయనే తడబడ్డాడు, నేను మినహాయింపు ప్రశ్న చూపించాను. మా ఆవిడ తాళం ఉన్న బీరువా కొంటేనే రైఫిల్ ఇంట్లోకి అంది. అది ముందే వచ్చింది.

గోదారి_పెద్దాయన:
308 వద్దన్నందుకు నాకేమీ బాధ లేదు తమ్ముడూ, నీ చేతిలో ఏది నిలకడగా ఉందో చూసి తీసుకున్నావు. ఇప్పుడు ఒకే రకం 143 గ్రెయిన్ల తూటాలు ఐదారు డబ్బాలు ఒకేసారి కొనుక్కో. రకం మారిస్తే గురి మారుతుంది. స్కోపు 200 గజాలకి కాదు, 100 గజాలకి సెట్ చెయ్యి, లానో మాటుకి అది చాలు. బల్ల మీద ఆనించి కాల్చడం అయ్యాక మోకాలి మీద కూర్చుని, కర్ర ఆసరాతో కూడా కాల్చు. నీ ఐదు తూటాలూ అన్నం ప్లేటు దాటకుండా ఎంత దూరం దాకా పడుతున్నాయో చూసుకో. ఈ సీజన్‌కి నీ దూరం అదే.