శ్రీప్రమాదీచ వత్సరమా, శ్రీప్రమాది సంవత్సరమా?

మండువా: మాది కోనసీమలో గౌతమి పక్క ఊరు. మా పాత లోగిలి ఎవరు కట్టించారో తేల్చి వంశవృక్షంలో ఎక్కిద్దామని నాలుగు నెలలుగా తిరుగుతున్నాను. ఇల్లు గ్రామకంఠంలో ఉంది. సర్వే రికార్డులో అందరికీ కలిపి ఒకటే నంబరు, పేర్లు లేవు. చేతిలో ఉన్నది 1902 నాటి పంపకాల కాగితం ఒక్కటే. అప్పటికే ఇల్లుంది.

ఇంకోటి, వీధి ద్వారబంధం పైచెక్క మీద చెక్కిన పద్యపాదం. నాన్నమ్మ దీపం పెడుతూ చదివేది, మధ్యలో గొణిగేసేది. నాకు చెవిలో మిగిలింది ‘శ్రీప్రమాది... వత్సర జ్యేష్ఠమాస’. సరిగ్గా ఆ చుక్కల చోటే కరెంటు వైరింగ్ పట్టీకి మేకు దిగ్గొట్టారు. మిగతా పాదాలు ఏనాడో చిత్రిక పట్టేశారు. మేకు కింద ఏముండొచ్చు?

యతిమైత్రి: ఇది తేటగీతి పద్యపాదం, అయిదు గణాలుగా విడగొట్టండి. శ్రీప్ర, మాదీచ, వత్సర, జ్యేష్ఠ, మాస. వరసగా హ, త, ర, హ, హ గణాలు. పాదం మొదటి ‘శ్రీ’కి నాలుగో గణం మొదటి ‘జ్యే’ యతి, అంటే అక్షరాల పొత్తు కుదిరింది. పోయింది ‘చ’. ప్రమాదీచ అంటే 1853-54. అంతకు ముందు ఏడే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్లొచ్చాయి, చేతిలో డబ్బాడింది, ఇల్లు లేచింది. ఇక చర్చేముంది?

లంకగాలి: ఉంది మాస్టారూ. ‘శ్రీప్రమాది సంవత్సర’ అని చదివి చూడండి. శ్రీప్ర, మాదిసం, వత్సర. త గణం పోయి ర గణం వచ్చింది, యతి ఉన్నచోటే ఉంది. ప్రమాది 1879-80. మీ ఛందస్సు రెండు పార్టీలకీ సాక్ష్యం చెబుతోంది.

మండువా: నాకు ఆ 26 ఏళ్లే ముఖ్యమండి. మధ్యలో మా ఇంట్లో దత్తత జరిగింది. కట్టింది దత్తు తీసుకున్నాయనా, దత్తు వచ్చినాయనా అని మా బాబాయిలిద్దరికీ మాటల్లేవు.

యతిమైత్రి: ‘ది’కి దీర్ఘం ఉందో లేదో చూడండి, తేలిపోతుంది.

మండువా: నిన్న చెంచాతో గోకాను. ఆకుపచ్చ ఎనామిల్ కింద నీలం, దాని కింద సున్నం. ‘ది’ మీది గుడి గుర్తు చివర తోకలాంటిది కనిపిస్తోంది గానీ అది చెక్క పగులేమో. మేకుకి కుడిపక్కన గుండ్రటి గుంట ఒకటుంది.

లంకగాలి: అదిగో సున్న! ‘సం’. నేను చెప్పలా?

తాటాకు: తుమ్మెద తొలిచినా గుంట గీసినట్టు గుండ్రంగానే ఉంటుంది. మా వసారా స్తంభాల నిండా అవే. అన్నిటినీ సున్నలుగా చదివితే ఒక శతకం అవుతుంది. అయినా అది ప్రమాది కాదు, ప్రమాథి. థకారం.

లంకగాలి: పంచాంగాల వాళ్లే ‘ప్రమాది’ అని వేస్తుంటే వడ్రంగిని పట్టుకుంటారేమిటండీ. సరే, పైన ఏ పెంకు?

మండువా: బంగాళా పెంకు.

లంకగాలి: మంగుళూరులో ఆ పెంకు ఫ్యాక్టరీ మొదలైందే 1865లో. మరి 1853 ఎలా అవుతుంది?

యతిమైత్రి: పెంకు తిరగవెయ్యరా ఎవరూ? మా ఇంటికే రెండుసార్లు మార్చారు.

సీసమాలిక: అసలు విషయం ఎవరూ పట్టించుకోలేదు. గుమ్మం మీదికి గీతి ఒంటరిగా రాదు, పైన సీస పద్యం ఉండి తీరాలి. కట్టించినవాడి పేరు అందులోనే పోయింది. త గణం తూగు కూడా చూడండి. శ్రీనాథుడి పేర చెప్పే చాటువులో ‘బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి’ లేదూ? ఆ ‘గొడ్డేరి’ దగ్గర పాదం ఎలా కుంగి లేస్తుందో, ‘మాదీచ’ దగ్గరా అంతే. నా ఓటు ప్రమాదీచకే.

లంకగాలి: ఆయనకి త గణం పడింది మూడో చోట, మీకు రెండో చోట. తూగు ఎక్కడ కలిసిందండీ? ద్వారబంధాలకి గీతి ఒక్కటే చెక్కకూడదని ఏ లక్షణకర్త చెప్పాడు?

సీసమాలిక: లక్షణకర్తలు ఇళ్లు కట్టించలేదు లెండి. పాపం, సాగు మునిగి టంకాలు, అంటే నాణేలు, ఏడునూర్లు కట్టలేక శ్రీనాథుడు అన్న మాటది. కృష్ణ ముంచేసింది ఆయన్ని. మన దాక్షారామం దగ్గర చేలు వేసుకుని ఉంటే ఆ పద్యమే పుట్టేది కాదు.

తాటాకు: గోదారికి వరద రాదా ఏం? ఇంతకీ ‘గొడ్డేరి’ అంటే ఏమిటి? గొడ్డు నేలా, గొడ్డు అరకా?

మండువా: మేకు తీసి చూద్దామంటే పెద్ద బాబాయి ఒప్పుకోవడం లేదండి. మెయిన్ స్విచ్ ఆ పట్టీ మీదే వేలాడుతోంది.

యతిమైత్రి: అది తీసి పక్కన బిగించడం ఎంతసేపు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. తాటాకు గారూ, ‘గొడ్డేరి’లో ఉన్నది మామూలు ‘ర’నా, బండి ‘ఱ’నా? ముందు అది తేలాలి.