రాజ్యాంగాన్ని సామాన్యులకు ఎక్కడ నుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ప్రశ్న

నమస్కారం. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దలకు భారత రాజ్యాంగాన్ని పరిచయం చేసే ఒక స్వచ్ఛంద బృందంలో నేను పనిచేస్తున్నాను. ముందుగా పీఠికను అందరి చేత చదివించి, ఆ తరువాత ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, పార్లమెంటు, న్యాయస్థానాలు అనే వరుసలో వివరించుకుంటూ వెళ్లడం మా పద్ధతి. 2015 నుంచి ఏటా నవంబర్ 26న జరుపుకుంటున్న రాజ్యాంగ దినోత్సవంలోనూ పీఠిక పఠనానికే ప్రాధాన్యం కనిపిస్తుంది. వచ్చినవారు శ్రద్ధగా వింటారు, ఆ వాక్యాలను గౌరవంతో పలుకుతారు. అయితే ఇంట్లో ఎవరినైనా పోలీసులు తీసుకువెళితే ఏమి అడగవచ్చు, ఎవరి దగ్గరకు వెళ్లవచ్చు అన్న చోట మాత్రం ఆ చదివినదేదీ వారికి అక్కరకు రావడం లేదు. 395 అధికరణాలతో మొదలై, సవరణలతో ఇంకా పెరిగిన ఇంత పెద్ద గ్రంథాన్ని ఏ కొసన పట్టుకోవాలి? ఇతర దేశాలలో ఈ పని ఎలా జరిగిందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు అడిగినది చాలా అవసరమైన ప్రశ్న. జపాన్‌లో 1946 నవంబర్ 3న ప్రకటించిన రాజ్యాంగం 1947 మే 3న అమలులోకి వచ్చింది. దానిని ప్రచారం చేయడానికే ఏర్పడిన ఒక సంఘం చిన్న పుస్తకమొకటి రెండు కోట్ల ప్రతులు అచ్చువేయించి ఇంటింటికీ చేర్చడానికి పూనుకుంది. నా దృష్టిలో అంతకంటే పెద్ద విషయం ఏమిటంటే, అప్పటిదాకా శాసనాలకు వాడుతూ వచ్చిన గ్రాంథిక శైలిని విడిచిపెట్టి, రాజ్యాంగాన్నే మాట్లాడే భాషకు దగ్గరగా రాశారు.

దక్షిణాఫ్రికా మరొక అడుగు ముందుకు వేసింది. పాఠం ఖరారు కాకముందే, 1995 నవంబర్‌లో ముసాయిదాను ప్రచురించి నలభై లక్షలకు పైగా ప్రతులను పంచారు; సభల ద్వారా, రేడియో ద్వారా అభిప్రాయాలు అడిగారు. 1996 డిసెంబర్ 10న నెల్సన్ మండేలా ఆ రాజ్యాంగంపై సంతకం చేసింది 1960లో పోలీసు కాల్పులకు 69 మంది బలైన షార్ప్‌విల్‌లో. ఆ తరువాత అప్పటి పదకొండు అధికార భాషలలోనూ ప్రతులు వెలువడ్డాయి. తన అభిప్రాయం అడిగిన గ్రంథాన్ని మనిషి చదివే తీరు వేరుగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

రెండవ సమాధానం

పై సమాధానంలోని వివరాలు విలువైనవే గాని, ప్రతులు పంచడంతో అవగాహన వస్తుందనుకోలేము. అధికారం ఎవరి చేతిలో ఉంది, అది ఎక్కడ ఆగాలి, ఆగకపోతే తాను ఎవరిని ఆశ్రయించాలి అన్న మూడు సంగతులూ తెలిసినప్పుడే పౌరుడికి రాజ్యాంగం తెలిసినట్లు. కాబట్టి మీరు ఉదాహరించిన అరెస్టు నుంచే మొదలుపెట్టండి.

22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసిన వ్యక్తికి వీలైనంత త్వరగా కారణాలు తెలపాలి, తాను కోరుకున్న న్యాయవాదిని సంప్రదించే హక్కును కాదనకూడదు, ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటల లోపల సమీప మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ గడువు దాటితే 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. నేరం జరగకముందే, జరగవచ్చన్న అనుమానంతో నిర్బంధించే ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుకున్నవారికి ఈ రక్షణలు ఇదే విధంగా వర్తించవని అదే అధికరణం చెబుతోంది. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. హక్కు ఎక్కడిదాకా పనిచేస్తుందో చెప్పని బోధన అవసరం పడిన రోజున మనిషిని నిస్సహాయుణ్ణి చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. ఇలా సంఘటనల నుంచే చెప్పుకుంటూ పోతే రాజ్యాంగమంటే ఫిర్యాదులకు పనికొచ్చే పుస్తకమన్న భావన కలగదా? పార్లమెంటు, న్యాయస్థానం, సవరణ ప్రక్రియ వంటి నిర్మాణాన్ని ఎక్కడ చేర్చాలి?

మూడవ సమాధానం

ఆ నిర్మాణమంతా 22వ అధికరణం కథలోనే ఉందండీ. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన ముసాయిదా 15వ అధికరణం, అంటే నేటి 21వ అధికరణం, ఆ స్వేచ్ఛను తీసివేయడానికి చట్టం నిర్దేశించిన పద్ధతి ఉంటే చాలునన్నట్లుగా రాజ్యాంగ సభలో ఆమోదం పొందినప్పుడు బయట తీవ్రమైన విమర్శ వచ్చింది. 1949 సెప్టెంబర్‌లో అంబేద్కర్ ఆ విమర్శను సభలోనే ప్రస్తావించి, జరిగిన లోటును కొంతవరకైనా పూడ్చడానికి కొత్త అధికరణాన్ని ప్రతిపాదించారు. అదే నేటి 22వది. ప్రజల అసంతృప్తి రాజ్యాంగ పాఠంలోకి ఎలా ప్రవేశించిందో చూపడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తోచడం లేదు. రాజ్యాంగ సభ చర్చలు ఎవరైనా చదువుకోవచ్చు. మీ తరగతిలో వాటిని ఇద్దరు ముగ్గురి చేత పాత్రలుగా చదివించి చూడండి.

దాని వెంటనే అత్యవసర పరిస్థితి కాలానికి రండి. 1976లో సుప్రీంకోర్టు ధర్మాసనం 4–1 మెజారిటీతో, ఆ కాలంలో నిర్బంధితులు తమ విడుదల కోసం హైకోర్టులను ఆశ్రయించలేరని తీర్పునిచ్చింది. విభేదించిన ఒకే ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. 1978లో 44వ సవరణ ద్వారా పార్లమెంటు 20, 21 అధికరణాల అమలును అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయకూడదని నిర్దేశించింది. 2017లో గోప్యత హక్కు కేసులో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. కార్యనిర్వాహక వర్గం, న్యాయస్థానం, పార్లమెంటు ఒకదానినొకటి ఎలా అడ్డుకోగలవో, ఒక్కొక్కసారి ఎలా విఫలమవుతాయో, ఆ వైఫల్యాన్ని ఏ దారిలో సరిదిద్దుకోవచ్చునో శ్రోతకు ఈ ఒక్క వరుసలోనే తెలుస్తుంది. విడిగా అధ్యాయాలు చెప్పవలసిన పని ఉండదు.

చివరి తరగతిలో మాత్రం ఉపన్యాసం వద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. చట్టపరమైన అవగాహన పెంచడం కూడా అదే చట్టం అప్పగించిన బాధ్యత కనుక, జిల్లా న్యాయ సేవల సంస్థ నుంచి ఒకరిని పిలిపించుకోండి. వచ్చినవారు ప్రతి ఒక్కరూ ఆ సహాయం కోరుతూ ఒక దరఖాస్తును తమ చేతితోనే రాసేటట్లు, రాయలేనివారు చెప్పి రాయించేటట్లు చూడండి.