కౌలు కాగితమని చెప్పి అమ్మకం అగ్రిమెంట్ మీద వేలిముద్ర వేయించుకున్నారు, ఇది చెల్లుతుందా?

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఊరు. మా మామ్మ పేరున ఎకరంన్నర జీడితోట ఉంది. మామ్మకి చదువు రాదు. తోట కౌలుకి చేస్తున్న ఆయన, ‘కౌలు ఇంకో మూడేళ్లు రాసుకుందాం మామ్మా’ అని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, చేతిలో ఇరవై వేలు పెట్టి వెళ్లాడు. జిరాక్స్ తెప్పించి చూస్తే అది అమ్మకం అగ్రిమెంట్! ఇరవై వేలు బయానా అట. రిజిస్ట్రేషన్ కాలేదు, అదొక్కటే ఊరట.

1872 కాంట్రాక్టు చట్టం కొంత చదివాను. సెక్షన్ 17 ప్రకారం మోసం అయితే, సెక్షన్ 19 కింద మోసపోయినవాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఒక్కరే పొరబడితే మాత్రం సెక్షన్ 22 ప్రకారం ఆ కారణంతో రద్దు కాదు. ఆయన రేపు ‘ముసలావిడే సరిగా వినలేదు’ అంటాడేమోనని నా టెన్షన్. బెదిరింపు ఏమీ లేదు, కాబట్టి సెక్షన్ 15 మనకి పనికిరాదు.

నా సందేహాలు ఇవీ. కాగితం ఏమిటన్నదే దాచినప్పుడు అసలు ఒప్పందమే పుట్టలేదని వాదించవచ్చా, లేక రద్దు కోసం దావా వేయాల్సిందేనా? మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు అంటున్నారు, నిజమేనా? ఆ ఇరవై వేలు ఖర్చు చేయకుండా ఉంచాం. ఇప్పుడే నోటీసుతో తిరిగి పంపాలా, కోర్టులో కట్టాలా? సాక్షి సంతకం చేసిన ఇద్దరూ ఆయన మనుషులే.

శ్రీకాకుళం కోర్టుల్లో ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.