పూర్వ విద్యార్థుల సంఘం, బడి క్రికెట్ జట్టు: వచ్చే సీజన్‌కు నిధులను దేనికి వెచ్చించాలి?

ప్రశ్న: సంఘం కార్యదర్శి, కృష్ణా జిల్లా

అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. సంక్రాంతి సెలవుల్లో ఆత్మీయ సమ్మేళనం జరపడం, పాత ఉపాధ్యాయులను సత్కరించడం, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి నగదు బహుమతులు ఇవ్వడం, ఇవే ఇన్నాళ్లూ మా పూర్వ విద్యార్థుల సంఘం చేస్తూ వచ్చిన పనులు. నిరుడు మొదటిసారిగా బడి క్రికెట్ జట్టు బాధ్యత కూడా తీసుకుని, రెండు కిట్లు, లెదర్ బంతులు, పిల్లలందరికీ దుస్తులు సమకూర్చాము.

సీజన్ బాగానే మొదలైంది. చుట్టుపక్కల బడులతో టెన్నిస్ బంతితో ఆడిన పది ఓవర్ల పోటీల్లో మావాళ్లు దాదాపు అన్నీ గెలిచారు. లెదర్ బంతితో ముప్పై ఓవర్లు ఆడవలసి వచ్చినప్పుడు మాత్రం సగం ఓవర్లయినా నిలవలేకపోయారు. ఎదుటి బౌలర్లు మరీ వేగంగా వేసినవారేమీ కాదు. వరసగా రెండు ఓవర్లు పరుగు రాకపోతే ఓపిక పట్టలేక గాలిలోకి లేపి ఔటయ్యారు. బౌలింగులోనూ, మొదటి స్పెల్ (ఒక విడతగా వేసే ఓవర్లు) చక్కగా వేసిన పిల్లవాడు రెండో స్పెల్‌కు వచ్చేసరికి అలసిపోయి లైన్ తప్పాడు. జిల్లా అండర్-16 ఎంపికలకు వెళ్లినవారిలో ఎవరికీ చోటు దక్కలేదు.

ఇప్పుడు సంఘంలో మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. మైదానంలో నెట్లతో సహా సిమెంటు పిచ్ వేయించాలని కొందరు, వేసవిలో పట్నం నుంచి కోచ్‌ను పిలిపించాలని కొందరు, బడి పేరుతో పెద్ద ప్రైజ్ మనీ పెట్టి సంక్రాంతికి టోర్నమెంట్ జరపాలని మరికొందరు అంటున్నారు. అమెరికాలో స్థిరపడిన మా బ్యాచ్‌ల వారు కూడా డబ్బు పంపడానికి ముందుకు వస్తున్నారు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, గుంటూరు

కార్యదర్శి గారికి నమస్కారం. ప్రభుత్వ పాఠశాలల్లో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను. మీ పిల్లలకు ఏది కొరతగా ఉందో మీ ప్రశ్నలోనే కనిపిస్తున్నది గానీ, ఆ మూడు ప్రతిపాదనల్లో ఒక్కటీ దానిని తీర్చదు. వారికి కావలసినవి మ్యాచ్‌లు. అవి కూడా లెదర్ బంతితో, పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగేవి.

బీసీసీఐ అండర్-16 బాలురకు నిర్వహించే విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఒక్కో మ్యాచ్ మూడు రోజులు సాగుతుంది. కాబట్టి ఈ వయసు పిల్లలను ఎంపిక చేసేవారు రోజంతా ఆటలో నిలవగలవాడు ఎవడా అని చూడడం సహజం. విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 2017–18లో ఆ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్‌పై 345 బంతుల్లో చేసిన 441 ఉన్నాయి. అందరూ ఆ 441ని తలచుకుంటారు, నేను మాత్రం 345ను చూడమంటాను. పదిహేనేళ్లు కూడా నిండని పిల్లవాడు ఒక్కడే దాదాపు 58 ఓవర్లకు సరిపడే బంతులను ఎదుర్కొన్నాడు. మీ పది ఓవర్ల పోటీలో జట్టు మొత్తానికి దక్కేవే 60 బంతులు! అందులో ఆరో స్థానంలో వచ్చే పిల్లవాడికి ఎన్ని దక్కుతాయో ఆలోచించండి. పరుగు రాని ఓవర్‌ను ఓర్చుకోవడం అతడికి ఎవరూ నేర్పలేదనడం కంటే, నేర్చుకునే అవకాశమే రాలేదనడం సబబు.

మీ ప్రాంతంలో వానలు, తుపాన్ల భయం తగ్గి, వరి కోతలు సాగే రోజుల నుంచి సంక్రాంతి దాకా ఉన్న కాలమే క్రికెట్‌కు అనువైనది. ఆ తరువాత పదో తరగతి పిల్లలు మార్చి పరీక్షల చదువులో పడతారు. వారిని మైదానానికి రమ్మనడం న్యాయం కాదు. ఆ కొద్ది వారాల ఆదివారాల్లోనే, ఆటో ఖర్చుతో వెళ్లి రాగలిగిన దూరంలోని నాలుగైదు బడులతో మాట్లాడుకుని, ఒకసారి మీ మైదానంలో, ఒకసారి వారి మైదానంలో 35 లేదా 40 ఓవర్ల మ్యాచ్‌లు పెట్టండి. మీ సంఘం భరించవలసినవి ప్రయాణ ఖర్చు, మధ్యాహ్న భోజనం, బంతులు, అంపైర్ల రుసుము; అన్నీ కలిపినా సిమెంటు పిచ్ ఖర్చులో చిన్న భాగమే అవుతుంది.

ఫాస్ట్ బౌలర్ల విషయంలో మాత్రం కచ్చితమైన నియమం పెట్టుకోండి. ఎదిగే వయసులో మితిమీరి బౌలింగ్ చేస్తే నడుము ఎముకలో సన్నని పగుళ్లు వస్తాయి. మంచి బౌలర్లు చాలామంది ఆ వయసులోనే ఆగిపోవడానికి ఇది ఒక కారణం. ఇంగ్లాండ్ క్రికెట్ బోర్డు అమలు చేస్తూ వచ్చిన పరిమితుల ప్రకారం పద్నాలుగు, పదిహేనేళ్లలోపు ఫాస్ట్ బౌలర్ ఒక స్పెల్‌లో 6 ఓవర్లకు, ఒక రోజులో 12 ఓవర్లకు మించి వేయకూడదు. మ్యాచ్ గెలవడం కోసం కూడా దీనిని సడలించవద్దని ముందుగానే కెప్టెన్‌కు చెప్పి ఉంచండి. తలకు బలంగా బంతి తగిలిన హెల్మెట్‌ను, పైకి పగులు కనిపించకపోయినా, పక్కన పెట్టి కొత్తది కొనండి. ఆ ఖర్చుకు వెనుకాడకండి.

ప్రైజ్ మనీ టోర్నమెంట్ గురించి ఒక్క మాట. డబ్బు పెద్దదైన కొద్దీ బయటి ఊళ్ల నుంచి పేరున్న ఆటగాళ్లు దిగుతారు. మీ బడి పిల్లలు సొంత మైదానంలో బౌండరీ దగ్గర నిలబడి బంతులు అందించేవారిగా మిగిలిపోతారు. అది ఊరికి వేడుక కావచ్చు గానీ, బడి జట్టుకు చేసిన మేలు కాదు.

జవాబు: సివిల్ ఇంజనీరు, విజయవాడ

పిచ్ గురించి మాత్రమే చెబుతాను. డెల్టాలో చాలా చోట్ల ఉన్నది నల్లరేగడి నేల. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోయే ఆ మట్టిపై నేరుగా సిమెంటు పలక పోస్తే ఒకటి రెండు వానాకాలాలకే పగుళ్లు వస్తాయి. పగిలిన చోట బంతి పడితే ఎటు లేస్తుందో తెలియదు, పిల్లల ముఖానికి ప్రమాదం. వేయాలనే నిర్ణయిస్తే పైమట్టిని తగినంత లోతు తవ్వి తీసేసి, గ్రావెల్ నింపి, పొరలు పొరలుగా రోలర్‌తో గట్టిపరిచి, నీరు నిలవకుండా పక్కలకు వాలు ఇచ్చి, ఆ తరువాతే కాంక్రీటు పోయాలి. అంచనాలో ఈ అడుగు పని ఉందో లేదో చూడండి. తక్కువ ధర చెప్పే మేస్త్రీలు తరచుగా వదిలేసేది దీనినే.

సిమెంటుకు పనికిరాని ఈ జిగట మట్టి, మట్టి పిచ్‌కు మాత్రం బాగా పనికివస్తుంది. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు చదును చేసి, నీళ్లు పెట్టి, తగిన పదునులో రోలర్ తిప్పి, పైన మ్యాట్ పరిచి మేకులు కొట్టితే ఒక సీజన్ హాయిగా గడుస్తుంది. చేతితో లాగే రోలర్ ఒకటి కొంటే చాలు.

జవాబు: ఆడిటర్, హైదరాబాద్

అమెరికా నుంచి వచ్చే డబ్బు విషయంలో తొందరపడకండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం, విదేశంలో ఉంటున్నా భారత పౌరసత్వం నిలుపుకున్న వ్యక్తి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే మొత్తం విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి వారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ, ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే అవుతుంది. ఆ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీ సంఘం దానిని స్వీకరించకూడదు. డబ్బుకు బదులు సంఘానికి బ్యాట్లు, హెల్మెట్లు పంపినా ఈ చట్టం వర్తిస్తుంది. కాబట్టి ప్రతి దాత నుంచి పాస్‌పోర్టు ప్రతి తీసుకుని, పౌరసత్వం నిర్ధారించుకున్న తరువాతే రసీదు రాయండి.

సంఘం ఇంకా రిజిస్టరు కాకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో చేయించవచ్చు. జట్టు డబ్బును కార్యదర్శి సొంత ఖాతాలో ఉంచడం ఎంత నమ్మకం ఉన్న చోటైనా మంచిది కాదు. ఆదాయపు పన్ను శాఖ నుంచి 80జీగా పిలిచే అనుమతి తెచ్చుకుంటే దాతలకు పన్ను తగ్గింపు లభించవచ్చు, అయితే రూ.2,000కు మించిన నగదు విరాళానికి అది వర్తించదు గనుక బ్యాంకు ద్వారానే తీసుకోండి.

జవాబు: ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడిన గృహిణి, కడప

ఇంతసేపూ పిల్లలు అంటే అబ్బాయిలే అన్నట్లు చర్చ సాగింది. మీ బడిలో ఆడపిల్లలు ఉన్నారు కదా! మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లోని కీస్ ఉన్నత పాఠశాలలో చదువుకుని, 1999లో పదహారేళ్ల వయసులో ఆడిన తొలి అంతర్జాతీయ వన్డేలోనే సెంచరీ చేశారు. భద్రాచలానికి చెందిన గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల ప్రపంచ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్‌గా నిలిచింది. మా కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి అదే ఏడాది మహిళల ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో ఉంది. చిన్న ఊళ్లలోని అమ్మాయిలకు ఇంతకంటే ఏమి చూపించాలి?

పదకొండు మంది దొరకకపోతే అబ్బాయిలతో కలిపి నెట్స్‌లో ఆడించండి, ఆదివారం మ్యాచ్‌లలో ఇద్దరు ముగ్గురికి చోటు ఇవ్వండి. సాధనకు బరువు తక్కువ బంతి కొనండి: పురుషుల బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటే, మహిళలది 140 నుంచి 151 గ్రాములే ఉంటుంది. అలాగే అమ్మాయిలు దుస్తులు మార్చుకోవడానికి తాళం వేసుకునే ఒక గది, ప్రయాణంలో వెంట ఒక ఉపాధ్యాయిని తప్పనిసరి. ఈ రెండూ లేకపోతే తల్లిదండ్రులు పంపరు, పంపకపోవడంలో తప్పు లేదు.

ప్రశ్నించినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ సలహాలను కార్యవర్గం ముందు చదివి వినిపించాను. సిమెంటు పిచ్‌ను ఈ ఏడాదికి పక్కన పెట్టి, మట్టి పిచ్, మ్యాట్, రోలర్‌కు డబ్బు కేటాయించడానికి అందరూ ఒప్పుకున్నారు. ప్రైజ్ మనీ టోర్నమెంట్ కోరినవారు కొంత నొచ్చుకున్నారు గానీ, సంక్రాంతి సమ్మేళనం రోజున బడి జట్టుకూ పూర్వ విద్యార్థుల జట్టుకూ 40 ఓవర్ల మ్యాచ్ పెడదామనేసరికి వారే దానికి బాధ్యత తీసుకున్నారు. ఆ మ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలు తప్పక ఆడాలని నిర్ణయించాము. పొరుగు బడుల ప్రధానోపాధ్యాయులకు ఉత్తరాలు సిద్ధం చేస్తున్నాము. గుంటూరు మాస్టారిని ఒక్కటి అడగాలి: ప్రతి ఆదివారం అనుభవం ఉన్న అంపైర్లు దొరకకపోతే ఏమి చేయాలి?

జవాబు: విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, గుంటూరు

మీ పూర్వ విద్యార్థుల్లో ఆట తెలిసినవారు ఉంటారు. నలుగురిని ఎంచుకుని నియమాల పుస్తకం చదివించండి. రెండు జట్ల నుంచీ ఒక్కొక్క అంపైర్ ఉండేలా ముందే ఒప్పందం చేసుకోండి. ఇంకొకరికి స్కోరు పుస్తకం అప్పగించి, పరుగులతోపాటు ప్రతి పిల్లవాడూ, ప్రతి అమ్మాయీ ఎన్ని బంతులు ఎదుర్కొన్నారో, ఎన్ని ఓవర్లు వేశారో విధిగా రాయించండి. వచ్చే ఏడాది జిల్లా ఎంపికలకు ఎవరిని పంపాలో ఆ పుస్తకం చూసి నిర్ణయించవచ్చు. పంపే ముందు వారి జనన ధ్రువీకరణ పత్రాల్లోని తేదీ బడి రికార్డుతో సరిపోయిందో లేదో చూడండి. అండర్-16 స్థాయిలో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసును కూడా పరీక్షిస్తారు గనుక ఈ సంగతి తల్లిదండ్రులకు ఇప్పుడే చెప్పడం మంచిది.