అప్‌డేట్: అక్కకి ప్రీఎక్లాంప్సియా, షుగర్ లింక్ గురించి అడిగాను కదా

మా అక్కకి ప్రెగ్నెన్సీలో బీపీ 140/90 దాటింది, యూరిన్‌లో ప్రోటీన్ కూడా వచ్చింది (దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటారంట), షుగర్ బోర్డర్‌లో ఉంది, వీటికి లింక్ ఉందా అని అడిగాను కదా. డాక్టర్‌తో మాట్లాడాం. లింక్ ఉందంట, కానీ షుగర్ వల్లే బీపీ వచ్చిందని చెప్పలేం అన్నారు.

నెలలు పెరిగేకొద్దీ ఇన్సులిన్ రెసిస్టెన్స్ (అంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం) అందరికీ కొంత పెరుగుతుందంట, బిడ్డకి గ్లూకోజ్ అందాలి కాబట్టి అది మామూలే. ప్రీఎక్లాంప్సియాలో మాత్రం మాయకి (ప్లాసెంటాకి) రక్తం సరిగ్గా అందక అది రక్తనాళాల్ని దెబ్బతీసే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 లాంటి ప్రోటీన్లు ఎక్కువగా వదుల్తుంది, ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది, అప్పుడు వచ్చే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా లాంటి ప్రోటీన్లు ఇన్సులిన్ సిగ్నల్‌కి అడ్డుపడతాయి, దాంతో రక్తనాళాల్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ కూడా తగ్గి బీపీ ఇంకా ఎక్కుతుంది.. ఇదంతా విన్నాక నాకే తల తిరిగింది, అక్క మాత్రం కూల్‌గా ఉంది.

ఆస్పిరిన్ సంగతి కూడా అడిగా. ప్రీఎక్లాంప్సియా రిస్క్ ఉన్నవాళ్ళకి, అది రాకుండా, లో డోస్‌లో 12-16 వారాల మధ్య మొదలుపెడితే మంచిదంట, ఇప్పుడు ఆ టైం దాటిపోయింది. ప్రస్తుతం బీపీ మందు, ప్లేట్‌లెట్స్, లివర్ టెస్టులు నడుస్తున్నాయి. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, కుడి పక్కటెముకల కింద నొప్పొచ్చినా ఆగకుండా వచ్చేయమన్నారు. డెలివరీ అయ్యాక కూడా బీపీ, షుగర్ రెండూ చెక్ చేయించుకుంటూ ఉండాలంట.