లేటెక్స్ జీవి సూట్: కీళ్ల దగ్గర రంగు పగలకుండా ఏది, ఎలా వెయ్యాలి?

పొలుసులపని అడిగినది:

అందరికీ నమస్తే. నిలువెత్తు బల్లి మనిషి సూట్ తయారవుతోంది. లోపల లైక్రా బాడీసూట్, దాని మీద 12 మి.మీ., 25 మి.మీ. సోఫా ఫోమ్‌తో కండలు, పైన ప్రీవల్కనైజ్డ్ లేటెక్స్ (ముందే వల్కనైజ్ చేసిన ద్రవ రబ్బరు) నాలుగు పూతలు, అంటే కోట్లు. తల, చేతులు, పాదాలు ప్లాస్టర్ అచ్చుల్లో విడిగా పోసినవి. రంగు ఇంకా మొదలుపెట్టలేదు.

మిగిలిన ముక్క మీద మామూలు యాక్రిలిక్ వేసి చూశాను. ఆరాక బాగానే ఉంది కానీ లాగితే సన్నటి బీటలు వచ్చాయి, మళ్లీ లాగితే పొట్టు లేచిపోయింది. లేటెక్స్‌లోనే యాక్రిలిక్ కలిపితే గట్టిగా పట్టుకుంటోంది గానీ, గిన్నెలో కనిపించే ఆకుపచ్చ ఒకటి, ఆరాక వచ్చేది ఇంకొకటి. మోచేతులు, మోకాళ్లు, చంకలు తట్టుకోవాలంటే ఏ రంగు వాడాలి? వేసేముందు పైపొరకి ఏం చెయ్యాలి?

అచ్చుపని:

మీ ముక్క చెప్పిందే నిజం. లేటెక్స్ పొర తన పొడవుకి ఆరేడు రెట్లు సాగుతుంది, యాక్రిలిక్ అంత సాగదు. అందుకే రంగుని పట్టి ఉంచే పదార్థం కూడా రబ్బరో, రబ్బరులా సాగే జిగురో అయి ఉండాలి. అలాంటివి మూడున్నాయి: రంగు కలిపిన లేటెక్స్, పాక్స్ (మేకప్ జిగురులో యాక్రిలిక్ కలిపినది), రబ్బరు సిమెంటు రంగు (రబ్బరు జిగురులో ఆయిల్ రంగు కలిపినది).

ఒళ్లంతా వేసే బేస్‌కి నేను రంగు లేటెక్స్‌నే ఎంచుకుంటాను. నీటి ఆధారిత పిగ్మెంట్ పేస్టు అయితే 100 మి.లీ. లేటెక్స్‌కి 5 నుంచి 10 మి.లీ. చాలు. ట్యూబు యాక్రిలిక్ అయితే నాలుగు వంతులు లేటెక్స్, ఒక వంతు రంగు. రంగుని ముందు కొంచెం నీళ్లలో పలచన చేసి, లేటెక్స్‌లో నెమ్మదిగా పోస్తూ కలపండి. కొన్ని రంగులు పడగానే లేటెక్స్ విరిగి గడ్డ కడుతుంది. అమ్మోనియా ఉండబట్టే లేటెక్స్ ద్రవంగా నిలుస్తుంది, ఆమ్లం తగిలితే గడ్డే. కాబట్టి ప్రతి కొత్త రంగునీ ముందు ఒక చెంచాడులో కలిపి పదిహేను నిమిషాలు వదిలి చూడండి.

ఇక మీ ఆకుపచ్చ సంగతి. తడి లేటెక్స్ పాలలా తెల్లన, అందుకే గిన్నెలో రంగు లేతగా కనిపిస్తుంది. ఆరాక ఆ తెలుపు పోయి తేనెరంగు పారదర్శకమైన పొర మిగులుతుంది. అంటే ముదురు అవడమే కాదు, పసుపువైపు కూడా జరుగుతుంది: నీలం కాస్త ఆకుపచ్చకి, తెలుపు మీగడ రంగుకి. గిన్నెలో మీకు కావలసినదానికన్నా రెండు ఛాయలు లేతగా ఉంచి, ఒక ముక్క మీద రాసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి చూశాకే ఖాయం చెయ్యండి. పళ్లు, గోళ్లు, కళ్ల చుట్టూ తెలుపు తెలుపుగా కావాలంటే అక్కడ లేటెక్స్ వద్దు, పాక్స్ వెయ్యండి.

పెద్దమనిషి సైజు సూట్‌కి రెండు బేస్ కోట్లకి దాదాపు 700 మి.లీ. ఒకేసారి కలిపి మూత బిగించి ఉంచుకోండి. సగంలో అయిపోతే అదే ఛాయ మళ్లీ కుదరడం చాలా కష్టం. బ్రష్‌ని లేటెక్స్‌లో ముంచేముందు గిన్నెలు తోమే సబ్బునీళ్లలో తడిపి పిండండి, లేకపోతే వెంట్రుకల మొదట్లో రబ్బరు గట్టిపడి ఆ బ్రష్ ఇక పనికిరాదు.

మడతగీత:

రంగు ఎంపిక గురించి పైన చెప్పింది సరే. ఊడిపోయిన రంగుల్లో చాలావాటికి అసలు కారణం మాత్రం కింద ఉన్న పొర. ఒకదానికొకటి అంటుకోకుండా చల్లిన టాల్కం పౌడర్ పైన అలాగే ఉంటుంది, రంగు ఆ పొడి మీద కూర్చుంటుంది. అచ్చులో పోసిన తలా చేతులకైతే అచ్చుకి రాసిన సబ్బూ, నూనే కూడా తోడవుతాయి. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా డిష్ సబ్బు వేసి మెత్తటి బ్రష్‌తో తోమి, రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరాక 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సిలికాన్ నూనె గానీ, లేటెక్స్‌కి మెరుపు తెచ్చే స్ప్రేలు గానీ రంగుకి ముందు దగ్గరికి రానివ్వకండి. అవి ఒకసారి పట్టాక రంగూ పట్టదు, జిగురూ పట్టదు.

నాలుగు కోట్లూ లోపలిదాకా ఆరాయా అన్నది రంగునిబట్టే తెలుస్తుంది. ఆరిన చోట తేనెరంగు, తడి ఉన్నచోట పాలమచ్చ. ఫోమ్ కండల అంచుల్లో, వేళ్ల సందుల్లో ఆ పాలమచ్చ చివరిదాకా ఉంటుంది. అది పోకుండా రంగు వేస్తే లోపలి నీరు బయటికి రాలేక పొర బుడగలా లేస్తుంది. ఫ్యాన్ గాలిలో కనీసం ఒక రోజు, గాల్లో తేమ ఎక్కువైతే రెండు రోజులు. డ్రయ్యర్ దగ్గరగా పెడితే పైన తోలు కట్టి లోపల తడే మిగులుతుంది.

ఇప్పుడు కీళ్లు. మోచేయి చాచి ఉంచి రంగు వేస్తే, మడిచినప్పుడు బయటివైపు సాగి, రంగు పల్చబడి పాలిపోయిన గీతలు బయటపడతాయి. అందుకని సూట్‌ని బొమ్మకి తొడిగి మోచేయి, మోకాలు సగం మడిచి కట్టి అప్పుడు వెయ్యండి. బొమ్మకి ముందు క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఉండాలి, లైక్రాలోంచి లేటెక్స్ దిగి అతుక్కుంటుంది. రంగు ఆరాక కీలుని పూర్తిగా మడిచి, అప్పటికీ కనిపించే లేత గీతల్లోకి అదే రంగుని చిన్న స్పాంజితో అద్దండి. మోచేతి లోపలివైపు ఫోమ్ ఉంటే నలిగి మడతలు గుద్దుకుంటాయి. అక్కడ ఫోమ్ తీసేసి, లైక్రా మీద పలచగా రెండు కోట్ల లేటెక్స్‌తో ఆపడం మంచిది. చంకలకీ ఇదే లెక్క.

స్పాంజిని కత్తిరించి వాడకండి, చేత్తో తుంచండి. కోసిన అంచు ఎక్కడ పడితే అక్కడ సరళరేఖ అచ్చుపడుతుంది, జీవి చర్మంలో సరళరేఖ ఉండదు.

నాఫ్తావాసన:

బేస్ రంగు లేటెక్స్‌తో వేసినా, ఛాయలకీ మచ్చలకీ రబ్బరు సిమెంటు రంగునే సిఫారసు చేస్తాను. అంత పల్చగా, అంత పారదర్శకంగా కూర్చునేది ఇంకోటి లేదు, పైగా లేటెక్స్‌తో ఒకటైపోతుంది. ట్యూబు ఆయిల్ రంగుని అట్టముక్క మీద పిండి రాత్రంతా వదిలితే అదనపు నూనెని అట్ట పీల్చుకుంటుంది. నూనె లేటెక్స్‌కి శత్రువు కాబట్టి ఈ మెట్టు దాటెయ్యకండి. ఒక వంతు రబ్బరు సిమెంటుకి రెండు నుంచి నాలుగు వంతులు నాఫ్తా (తేలిగ్గా మండే పెట్రోలియం ద్రావకం) కలిపి, అందులో రంగుని కరిగించండి. ఎయిర్‌బ్రష్‌కి పాలంత పలచగా ఉండాలి, నాజిల్ 0.5 మి.మీ. లేదా అంతకన్నా పెద్దది. చిక్కగా ఉంటే చుక్కలు కాకుండా సాలెపోగుల్లా దారాలు వస్తాయి. అలా వస్తే ఒత్తిడి పెంచకండి, నాఫ్తా పొయ్యండి.

వెయ్యగానే లేటెక్స్ ఉబ్బి ముడతలు పడితే భయపడొద్దు, నాఫ్తా ఆవిరయ్యాక సర్దుకుంటుంది. కానీ కాంటాక్ట్ సిమెంటు జిగురుతో అతికిన అతుకుల మీద తడిసేలా కొడితే అతుకు వదులుతుంది. మంట ఏదీ దగ్గర లేకుండా, ఆరుబయటో ధారాళంగా గాలి ఆడేచోటో, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కుతోనే. దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపదు.

పొలుసులపని:

అందరికీ ధన్యవాదాలండి. నాఫ్తా పిచికారీ చేసే చోటు లేదు, కాబట్టి బేస్ రంగు లేటెక్స్, పైన పాక్స్ అనుకుంటున్నాను. పాక్స్ ఆరాక కూడా జిగటగా ఉంటుందని విన్నాను, నిజమేనా? ఇంకోటి, వెనక జిప్ ఇంకా పెట్టలేదు, ఇత్తడి జిప్ బలంగా ఉంటుందని తెచ్చి ఉంచాను.

అచ్చుపని:

ఇత్తడి జిప్ పెట్టకండి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి తగిలిన చోట లేటెక్స్ గోధుమరంగు మరకలు పడి, కాలం గడిచేకొద్దీ కుళ్లినట్టు మెత్తబడిపోతుంది. నైలాన్ జిప్ తీసుకుని, టేపుని నేరుగా లైక్రాకి కుట్టి, రెండువైపులా 2 సెం.మీ. లేటెక్స్ లేకుండా వదలండి. ఇప్పటికే లేటెక్స్ పడి ఉంటే ఆ పట్టీ వరకు కోసి తీసెయ్యండి. దాని మీద విడిగా పోసిన వెన్నుముళ్ల పట్టీ ఒకవైపు అతికించి, రెండోవైపు ప్రెస్ బటన్లతో మూస్తే జిప్ కనపడదు. బటన్లూ ప్లాస్టిక్‌వే.

పాక్స్ జిగట నిజమే. అందులో సగం ప్రోస్-ఎయిడ్, అది చర్మానికి అతికించే జిగురు. హాలీవుడ్ మేకప్ కళాకారుడు డిక్ స్మిత్ ఈ మిశ్రమాన్ని మేకప్‌కి తెచ్చినప్పటినుంచీ సరిసమానంగా కలపడమే వాడుక. కీళ్ల దగ్గర మాత్రం జిగురు రెండు వంతులు, యాక్రిలిక్ ఒక వంతు చెయ్యండి. ప్రతి పూతా ఆరగానే పౌడర్ అద్ది, మెత్తటి బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో తుడిచాకే తర్వాతి పూత. పౌడర్ అద్దకుండా మోచేయి మడిస్తే రెండు ముఖాలూ అతుక్కుని, విడదీసేటప్పుడు రంగు ఒకవైపుకి వెళ్లిపోతుంది. పొలుసుల సందుల్లోకి ముదురు రంగు దింపాలంటే ఒక వంతు పాక్స్‌కి మూడు నాలుగు వంతుల నీళ్లు కలిపి, అరచేతి వెడల్పు చొప్పున వేసి, నిమిషంలోపే తడి స్పాంజితో ఎత్తులు తుడవండి. ఒకేసారి వీపంతా వేస్తే మొదట వేసినచోట అప్పటికే ఆరిపోయి, తుడవడానికి కుదరదు.

మడతగీత:

ఇంకో రెండు మాటలు. సూట్ వేసుకునే మనిషిని లేటెక్స్ అలర్జీ ఉందా అని ఇప్పుడే అడగండి. ఉంటే లోపల లైక్రా ఉందని ఊరుకోకూడదు, మెడా మణికట్లూ తగులుతూనే ఉంటాయి, తీవ్రమైన అలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి మనిషి ఈ సూట్ వేసుకోకూడదు.

పని అయ్యాక మడతపెట్టి దాచకండి. సాగి ఉన్న రబ్బరుని గాల్లోని ఓజోన్ పగలగొడుతుంది, మడత పడినచోటే బీట మొదలవుతుంది. ఎండ తగలని చోట, మోటార్లకి దూరంగా, వెడల్పు భుజాల హ్యాంగర్‌కి వేలాడదీసి, చేతుల్లో కాళ్లలో రంగులేని కాగితం కుక్కండి. అచ్చుకాగితం వద్దు, సిరా లేటెక్స్‌లోకి ఎక్కుతుంది. వాడిన ప్రతిసారీ లోపలివైపు తిప్పి, సబ్బునీళ్లతో తుడిచి, లైక్రా పూర్తిగా ఆరాకే తిరిగి తిప్పండి.